కేశవ ఆగిన చోటు

కదిరప్ప నీళ్లు చూసేవాడు. పీచు తీసి పిలక మాత్రం ఉంచిన కొబ్బరికాయను అరచేతిలో పడుకోబెట్టుకుని చేలకు అడ్డంగా నడిచేవాడు. కింద నీళ్లున్న చోట ఆ కాయ మెల్లగా లేచి నిలబడేది. అక్కడ నాలుగు రాళ్లు పేర్చి, అదే కాయను కొట్టి, ఒక చిప్ప భూమికి వదిలి రెండోది ఆసామి చేతిలో పెట్టేవాడు. గార్లదిన్నె నుంచి, మడకశిర అవతల కన్నడం మాట్లాడే ఊళ్ల నుంచి కూడా మనుషులు వచ్చి ఆయన్ను బండెక్కించుకుని పోయేవాళ్లు. కొన్ని బోర్లు పడ్డాయి, కొన్ని పడలేదు. పడినవి ఊరు గుర్తుపెట్టుకుంది. పడనివి ఆయన గుర్తుపెట్టుకున్నాడు.

కాయను లేపేది నీళ్లా, తన చెయ్యా అన్న అనుమానం ఆయనకు చిన్నతనం నుంచీ ఉంది. ఎవరితోనూ అనలేదు. లేచేటప్పుడు అరచెయ్యి లోపల సన్నగా ఒణుకు పుట్టేది. ఆ ఒణుకు తను పుట్టించింది కాదని మాత్రం ఒట్టేసి చెప్పగలడు. అంతకు మించి తెలుసుకోవాలని ఆయన ఎప్పుడూ తవ్వుకోలేదు.

కొన్నేళ్ల కిందట ఊళ్లో బోర్లు వరసగా ఎండిపోతూ వచ్చినప్పుడు జనం గ్రామసభలో కూర్చుని ఒక కట్టుబాటు చేసుకున్నారు. పొలిమేర లోపల ఎవరూ కొత్త బోరు వెయ్యకూడదు. బోరున్నవాళ్లు పక్క చేనుకు, వాన మొహం చాటేసిన ఏడు, వేరుశనగ కాయ ఊరే వేళకు ఒక్క తడైనా ఇవ్వాలి. నిజానికి కొత్త బోర్లు వద్దని రాష్ట్రం చేసిన చట్టం అంతకుముందే ఉంది. చట్టం మండలాఫీసులో ఉండేది, బోర్లు వేసే రిగ్గులు ఊళ్లో ఉండేవి. ఊరి మాట నిలబడడానికి కారణం వేరే. ఆరోజు కదిరప్ప సభ మధ్యలోకి వచ్చి, చేతిలో ఉన్న కాయను కింద పెట్టి, ఈ ఊరి పొలిమేరలో ఇక కాయ పట్టనన్నాడు. కాయ లేవకుండా రిగ్గును పిలిచే రైతు ఆ చుట్టుపక్కల లేడు. అందుకే బోర్లు ఆగాయి.

ఆ ఒట్టును ఆయన పోయిన వేసవిలో తప్పాడు. తప్పించింది చెల్లెలు మల్లీశ్వరి, ఆమె మొగుడు కేశవ. మల్లీశ్వరి సర్పంచు. అమ్మ పోయాక ఆమెను భుజాన మోసి పెంచింది కదిరప్పే. కేశవతో ఆయనకు చుట్టరికం కంటే స్నేహం ముందు. భార్య పోయి ఒంటరిగా ఉంటున్న కదిరప్ప ఇంటికి పొద్దున్నే వచ్చి, మాట్లాడకపోయినా అరుగు మీద కాసేపు కూర్చుని పోయేది ఊరంతటికీ అతనొక్కడే.

"తాగేకి నీళ్లు లేక జనం బిందెలు పట్టుకోని రోడ్డుకొచ్చినారు బావా," అన్నాడు ఆరోజు కేశవ. "తాగునీళ్లకైతే చట్టం అడ్డం రాదంట. సభ ఒప్పుకుంటే చాలంట. నువ్వు కాయ పడితే సభ ఒప్పుకుంటాది."

"ఒట్టేసినా గదా."

"సేద్యానికి గదా ఒట్టు. గొంతు తడుపుకునేకి కాదే."

కదిరప్ప కాయ పట్టాడు. కేశవ పక్కనే నడిచాడు. చెరువుకట్ట దిగువన, తారురోడ్డుకు ఆనుకున్న పోరంబోకు నేలలో కాయ లేచింది. సభలో అందరూ చేతులెత్తారు, ఆంజినమ్మ ఒక్కతి తప్ప. ఆమె బోరు ఆ చోటికి పక్కనే ఉంది. ఆ బోరు మీద ఆమె చేను కాక మరో మూడు కుటుంబాల చేలు బతుకుతున్నాయి.

"నీ నీళ్లకేం కాదు ఆంజినమ్మా. నాది పూచీ," అన్నాడు కదిరప్ప. అప్పుడు ఆమె కూడా చెయ్యెత్తింది.

ఈ ఏడు శ్రావణం దాటినా వాన లేదు. వేరుశనగ ఊడలు దిగి ఒక్క తడి కోసం చూస్తున్న రోజుల్లో, ఒక పొద్దున ఆంజినమ్మ కదిరప్ప వాకిట్లోకి వచ్చి నిలబడింది.

"మోటరు గాలి కక్కుతాండాది అన్నా."

"కేసింగు పైపు చూసినావా?"

"కేసింగు బాగుండాది. నీళ్లే బాగలేవు." ఆమె గొంతులో కోపం లేదు. "నేను తిట్టేకి రాలేదు. పూచీ పడినోనివి గదా, చూపిద్దామని వచ్చినా. రా."

ఆమె తన చేనుకు తీసుకుపోతుందనుకున్నాడు. ఆమె రోడ్డు వైపు నడిచింది. పంచాయతీ బోరు దగ్గర రెండు ట్యాంకర్లు ఆగి ఉన్నాయి. లావుపాటి పైపు ఒక ట్యాంకరు నోట్లో పెట్టి, డ్రైవరు నీడలో కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు.

"ఏ ఊరికప్పా నీళ్లు?" అని అడిగాడు కదిరప్ప.

"ఊరికి కాదు పెద్దాయనా. సోలార్ ప్లాంటుకు."

"ఆడ ఎవురు తాగుతారు?"

డ్రైవరు నవ్వాడు. "అద్దాలు తాగుతాయి. దుమ్ము పడితే కరెంటు తగ్గుతాదంట. దినామూ కడగాల."

కదిరప్ప గుట్ట వైపు చూశాడు. అవతలి వాలు మీద పలకలు వరసలు వరసలుగా ఎండను తాగుతూ మెరుస్తున్నాయి. ఆయనకు వెంటనే కోపం రాలేదు. మొదట వచ్చింది సిగ్గు. ఎవరో తన చొక్కా వేసుకుని ఊళ్లో తిరిగితే కలిగేలాంటి సిగ్గు. ఆంజినమ్మ ఆయన వైపు చూడకుండా, పైపు చివర కారి మడుగు కట్టిన నీళ్లను చూస్తూ నిలబడింది.

మల్లీశ్వరి పంచాయతీ ఆఫీసులో ఒక్కతే ఉంది. అన్నను చూడగానే కుర్చీలోంచి లేచింది. అది చిన్నప్పటి అలవాటు.

"ఎవుర్నడిగి ఇచ్చినావు పాపా?"

"నన్నెవురు అడిగినారన్నా ఇచ్చేకి?" ఆమె పమిట కొంగు వేలికి చుట్టుకుంది. "పై నుంచి ఆర్డరొచ్చింది. ప్రాజెక్టు రాష్ట్రానికి ముఖ్యమంట. పంచాయతీ బోరు ప్రభుత్వానిదే గదా అన్నారు. బోరు వేసుకునేకి మనం తాగునీళ్లని చెప్పినాము. వేసినాక ఏం చేయాలో చెప్పేది వాళ్లు."

"తీర్మానం చేసింది ఊరు."

"తీర్మానం చేసేది ఊరే. చెక్కు పవరు తీసేసేది వాళ్లు. నేను కాదంటే ఒక్క కాగితంతో నన్ను ఈ కుర్చీలో బొమ్మను చేస్తారు. ఇప్పుడు మాత్రం ఏమన్నా పెద్ద..." అని ఆగిపోయింది.

"ఈ సంగతి కేశవకు ముందే తెలుసునా?"

చెల్లెలు అబద్ధం చెప్పలేనప్పుడు కింది పెదవిని లోపలికి లాక్కుంటుంది. కదిరప్ప ఆ పెదవి చూసి బయటికి నడిచాడు.

ఇంటికి పోయి చీకటి కొట్లో కూర్చున్నాడు. ఆ వేసవి నాటి నడకను మనసులో మొదటి నుంచి మళ్లీ నడవడం మొదలుపెట్టాడు. గుట్ట దగ్గర మొదలైంది. "ఈ పక్క వద్దులే బావా, రాళ్లుండాయి" అన్నాడు కేశవ. చింతతోపు దగ్గర "ఎండ దెబ్బ తగులుతాది, కట్ట కింద నుంచి పోదాం రా" అన్నాడు. ప్రేమగా అన్న మాటలే. కట్ట దిగాక రోడ్డు పక్కన బీడీ ముట్టించుకోవడానికి ఆగాడు. అగ్గిపుల్ల గాలికి ఆరిపోయింది. ఇంకోటి గీశాడు. కదిరప్ప అతని కోసం ఆగాడు. అప్పుడు లేచింది కాయ.

ట్యాంకరు తిరగడానికి వీలున్న చోటు ఊరు మొత్తానికి అదొక్కటే.

కేశవ మోసం చేశాడన్నది అర్థం కావడానికి పెద్దగా తెలివి అక్కర్లేదు. కదిరప్పను లోపల కోసింది అది కాదు. కేశవ కాయను ముట్టుకోలేదు, చెయ్యి పట్టుకోలేదు. ఆగాడు, అంతే. మరి కాయను లేపింది ఎవరు?

మరుసటి రోజే కేశవ వచ్చాడు. అరుగు మీద తన చోట్లో కూర్చున్నాడు. చేతిసంచిలోంచి పిలక ఉన్న కొబ్బరికాయ తీసి ఇద్దరి మధ్యా పెట్టాడు.

"కోపంగా ఉండావని చెప్పింది మీ చెల్లెలు."

కదిరప్ప కాయను పక్కకు జరిపాడు.

"నాకేం మిగలలేదు బావా. ఎవుని దుడ్లూ తినలేదు. ఊరికి సోలార్ వాళ్లు వీధి లైట్లు పెడతామన్నారు, స్కూలుకు గోడ కడతామన్నారు. మల్లి పేరు నిలబడుతాదని చేసినా. నువ్వు పెంచిన పాపే గదా."

"నాకు ముందే చెప్పొచ్చు గదా."

"చెప్తే నువ్వు కాయ పట్టేవానివా?"

ఆ మాట అతను మామూలుగా అన్నాడు, అన్నం తిన్నావా అని అడిగినట్టు. కదిరప్పకు ఆ మామూలుతనమే భరించరానిదిగా తోచింది.

"ఇప్పుడింకో బోరు కావాల," అన్నాడు కేశవ. "ఒక్కదాంతో ఊరికీ ప్లాంటుకూ చాలదు. రేపు సభ. మండలం నుంచి ఆఫీసరు వస్తాడు. జనం నిన్నే చూస్తారు. రెండో బోరు పడితే మొదటి దాంట్లో సగం ఊరికి ఇడిపిస్తా. ఆంజినమ్మకు కూడా మంచిదే."

"సరే పద," అని కదిరప్ప కాయ తీసుకుని లేచాడు. కేశవకు అంత సులువుగా ఒప్పుకుంటాడన్న నమ్మకం లేదు. మొహం వెలిగిపోయింది.

ఊరి పడమటి బీళ్లలోకి వచ్చారు. కదిరప్ప తలపాగా విప్పి కళ్లకు కట్టుకున్నాడు.

"ఇదేంది బావా కొత్తగా?"

"నువ్వు ఈన్నే ఉండు. మాట్లాడొద్దు. రాయి అడ్డమొస్తే తట్టుకుంటాలే."

కళ్లు మూసుకుని ఒంటరిగా నడిచాడు. బీడు ఈ చివర నుంచి ఆ చివరకు, మళ్లీ వెనక్కి. ఎండిపోయిన వంక దాటాడు. వాన కాలంలో నీళ్లు ఊరే చవుడు నేల మీద కూడా నడిచాడు. కాళ్లకు ఆ మెత్తదనం తెలిసింది. కాయ చేతిలో చచ్చినట్టు పడి ఉంది. ఎక్కడా ఒణుకు లేదు. జీవితంలో అంత నిశ్శబ్దంగా తన చేతిని ఆయన ఎరగడు.

తలపాగా విప్పేశాడు.

"ఇప్పుడు నీకు యాడ కావాలనిపిస్తే ఆడ పోయి నిలబడు," అన్నాడు.

కేశవ నవ్వాడు. "నేను నిలబడేదేంది? నీళ్లు చూసేవానివి నువ్వు."

"నిలబడు కేశవా."

కేశవ చుట్టూ చూసి, బండ్లబాట పక్కన ఒక చోటికి పోయి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. కదిరప్ప అతని వైపు నడిచాడు. లేవకూడదు అనుకుంటూ నడిచాడు. అతని మీద తనకున్న అసహ్యాన్నంతా కూడగట్టి అరచేతిలోకి పంపుతూ నడిచాడు. దగ్గరికి వచ్చేసరికి మణికట్టు కింద ఒణుకు మొదలైంది. పిలక కదిలింది. కాయ మెల్లగా, ఎప్పటిలాగే, నిద్ర లేచిన పసిబిడ్డలా లేచి నిలబడింది.

"చూసినావా," అన్నాడు కేశవ సంతోషంగా, రాళ్ల కోసం వంగుతూ.

కదిరప్ప కాయను చూస్తూ ఉండిపోయాడు. మనసు ఈ మనిషిని వదిలేసింది. చెయ్యి ఇంకా వదల్లేదు. ఎన్ని బీళ్లలో, ఎంతమంది ఆసాముల పక్కన, వాళ్లు ఎక్కడ ఆశగా నిలబడితే అక్కడ లేచి ఉంటుంది ఈ కాయ. నీళ్లు పడిన చోట నీళ్లు తన వల్ల పడ్డాయనుకున్నాడు. పడని చోట భూమి మోసం చేసిందనుకున్నాడు.

"కాయ కొట్టవా బావా?"

"కొట్టను," అని దాన్ని పైపంచలో చుట్టుకుని ఇంటికి వచ్చేశాడు.

మరునాడు పంచాయతీ ఆఫీసు ముందు షామియానా వేశారు. మండలం నుంచి వచ్చిన ఆఫీసరు దివాకర్ కుర్చీలో, పక్కన మల్లీశ్వరి. ఊరి చివర చెట్టు కింద రిగ్గు బండి అప్పటికే వచ్చి ఆగి ఉందని అందరికీ తెలుసు. కేశవ లేచి, రెండో తాగునీటి బోరు గురించి చెప్పి, "కదిరప్ప బావ నిన్ననే చూసినాడు. కాయ లేచింది. ఆయప్పే చెప్తాడు," అని కూర్చున్నాడు.

కదిరప్ప పైపంచ విప్పి కాయను సభ మధ్యలో కింద పెట్టాడు. అంతకుముందు ఒట్టేసిన రోజున పెట్టినట్టే పెట్టాడు.

"కాయ లేచింది నిజమే. కేశవ నిలబడిన చోట లేచింది. కండ్లు కట్టుకోని ఒంటరిగా నడిస్తే యాడా లేవలేదు. పోయిన వేసవిలో కూడా ఆయప్ప ఆగిన చోటే లేచింది. నాకు నీళ్లు కనపడవప్పా. ఎప్పుడూ కనపడలేదు. నాకు కనపడేది పక్కనున్న మనిషి."

వెనక నుంచి ఒక ముసలాయన అన్నాడు: "మరి నా చేన్లో పడింది గదా కదిరప్పా?"

"నీ అదృష్టం. నాది కాదు."

"పడనోళ్లకు అప్పుడే చెప్పింటే బాగుండె," అని ఇంకెవరో అన్నారు. కదిరప్ప తల వంచుకున్నాడు.

"ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి," అన్నాడు దివాకర్. ఒక్క చెయ్యి లేవలేదు. కేశవ కూడా తన చెయ్యి ఎత్తలేదు. అతను కదిరప్పనే చూస్తున్నాడు. ఆ చూపులో కోపం కంటే, దెబ్బ తిన్న మనిషి ఆశ్చర్యం ఎక్కువగా ఉంది. ఇన్నేళ్లు ఆ అరుగు మీద కూర్చున్నది ఇందుకేనా అని అడుగుతున్నట్టుంది.

దివాకర్ ఆ సంగతి రాసుకుని, కలానికి మూతపెట్టాడు. "గ్రామసభ అభిప్రాయం పైకి పంపిస్తాం. అనుమతి మాత్రం పైవాళ్ల చేతిలో ఉంటుంది."

"మళ్లా మమ్మల్ని అడిగేదేంటికి సార్?" అంది ఆంజినమ్మ.

"అడగాలి కదమ్మా. చట్టం."

మల్లీశ్వరి కింది పెదవిని లోపలికి లాక్కుని, బల్ల మీదికి చూస్తూ కూర్చుంది. కదిరప్పకు ఆమె మీద జాలి కలగబోయింది. ఆ జాలిని ఆయన మధ్యలోనే ఆపుకున్నాడు.

జనం లేచి చెదిరారు. కాయ కిందే పడి ఉంది. ఆంజినమ్మ వంగి దాన్ని తీసి, చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసింది.

"నీళ్లుండాయి దీంట్లో," అంది. "చట్నీకి తీసుకుపోతా అన్నా. ఇంకేం పనికి రాదు గదా."

"తీసుకుపో."

"రిగ్గు వెనక్కి పోతాదంటావా?"

"తెల్దు ఆంజినమ్మా. మొదటి బోరుకు నా మాట కావాల్సి వచ్చింది. రెండోదానికి అక్కర్లేదేమో."

ఆమె తలూపి వెళ్లిపోయింది. రోడ్డు మీద ట్యాంకరు ఒకటి నీళ్లు చిందించుకుంటూ గుట్ట వైపు పోయింది. షామియానా కింద కేశవ ఒక్కడే మిగిలాడు. గుంజ దగ్గర ఆగి బీడీ ముట్టించుకుంటున్నాడు. ఇల్లు చేరాలంటే కదిరప్ప అతని పక్కగానే పోవాలి. తల తిప్పకుండా నడిచాడు. అతన్ని దాటుతున్నప్పుడు ఏమీ లేని ఖాళీ అరచేతిలో ఆ ఒణుకు మళ్లీ పుట్టింది. కదిరప్ప పిడికిలి బిగించుకున్నాడు. అది లోపల అలాగే కొట్టుకుంటూ ఉంది.