వెనక సీటు బరువు

నవంబరు తొమ్మిది, ఆదివారం. మధ్యాహ్నం రొట్టె, ఉడకబెట్టిన గుడ్లు, కాస్త ముదిరిన కీరదోసకాయ తిన్నాం. షెడ్డులోనే నిలబడి తిన్నాం, చేతులకంటిన బ్రేక్ ఆయిల్ వాసన సబ్బుతో కూడా వదలకుండానే.

మర్నాడు పొద్దున్నే మా అమ్మాయి కొండమీది ఆసుపత్రిలో నర్సుగా చేరాలి. ఈ కారులోనే వెళతానని పట్టు పట్టింది. కారుకూ దానికీ రెండేళ్లే తేడా. వాళ్లమ్మ పోయాక బండి షెడ్డులోంచి కదిలిందే తక్కువ.

"సాయంత్రానికి వెనక బ్రేకులు రాకపోతే ఇది పాత ఇనుము కిందే లెక్క బావా," అన్నాడు మా బావమరిది. "అమ్ములు బస్సెక్కుతుంది. కొండ దిగేటప్పుడు ఉత్త ముందు చక్రాలతో ఎలా ఆపుతుంది?"

మా ఆవిడ తమ్ముడు లెక్కల మాస్టారు. బండ్లు విప్పడం అతని సరదా. వెనక చక్రాలకు పోయే గొట్టాలు తుప్పు పట్టాయని కొత్తవి వేశాడు. ఇక వాటిలోని గాలి తీయాలి. ఒకరు పెడల్ తొక్కి పట్టాలి. ఇంకొకరు చక్రం దగ్గర చిన్న నట్టు విప్పితే గాలి, ఆయిల్ బయటికి వస్తాయి. నట్టు బిగించాకే కాలు తీయాలి. అమ్మాయి పెడల్ దగ్గర, అతను చక్రం దగ్గర, నేను అతని పక్కన, నట్టుకు తగిలించిన సన్నటి ప్లాస్టిక్ గొట్టం కొసను సీసాలో పెట్టి పట్టుకుని.

"తొక్కు."

"తొక్కా."

"వదులు."

ఎంతసేపు చేసినా సీసాలో చుక్క పడలేదు. చివరికి నాకొకటి వినిపించింది. అతను 'వదులు' అనగానే ముందువైపు పెడల్ టక్కున లేస్తోంది.

"నువ్వు వదులు అన్నప్పుడల్లా అది కాలు వదిలేస్తోందయ్యా," అన్నాను.

అమ్మాయి తలుపులోంచి తల బయటికి పెట్టింది.

"నట్టు వదులైందే తల్లీ. నిన్ను వదలమన్నానా?"

"నాతో మాట్లాడుతున్నావనుకున్నాను మామయ్యా. నట్టుతో కబుర్లని నాకేం తెలుసు?"

"బళ్లో పాఠం కూడా ఇంత వివరంగానే చెబుతావా?" అన్నాను.

"మీరు సీసా సరిగ్గా పట్టుకోండి బావా."

మాటలు మార్చాడు. 'విప్పాను', 'తియ్యి'. నవ్వుకుంటూ మళ్లీ మొదలుపెట్టాం. తప్పు దొరికిందనే అనుకున్నాం. ఈసారీ ఏమీ రాలేదు. నట్టు విప్పినా కాలు కిందికి దిగడం లేదంది అమ్మాయి. అతను ఇంకో చక్రం చూశాడు, మళ్లీ దీని దగ్గరికొచ్చాడు. కాసేపటికి నవ్వులు ఆగిపోయాయి.

"ఇక చాలు," అని పానా కింద పెట్టేశాడు. అమ్మాయి దిగి వచ్చి నా వెనక నిలబడింది.

కింద దూరడానికి వీలుగా పొద్దున్నే బండి ఒంటిని ఎత్తి దిమ్మల మీద నిలబెట్టాడు. చక్రాలు వేలాడుతున్నాయి. బండిని దిమ్మల మీంచి దించుదామని ఇరుసు కింద జాకీ పెట్టి తిప్పడం మొదలుపెట్టాడు. నట్టు విప్పే ఉంది. సీసా నా చేతిలోనే ఉంది.

గొట్టంలో ఒక బుడగ కదిలింది. దాని వెనక ఇంకొకటి. తరువాత తేనెరంగు ఆయిల్, తొందరేమీ లేనట్టు.

పెడల్ మీద ఎవరి కాలూ లేదు.

"ఆగు," అన్నాను. "జాకీ దించు."

ఆయిల్ ఆగింది.

"మళ్లీ ఎత్తు."

వచ్చింది.

అతను టార్చి తీసుకుని కింద దూరాడు. "మీరూ రండి బావా," అన్నాడు. గోనెపట్టా మీద పడుకుని పక్కకు జరిగాను. ఇరుసు నుంచి సన్నటి కడ్డీ ఒకటి పైకి వెళ్లి, బ్రేకు గొట్టాలు వెళ్లే, అరచేతిలో పట్టేంత ఇనప కవాటానికి స్ప్రింగుతో తగులుకుంది.

"వెనక బరువు లేనప్పుడు గట్టిగా బ్రేకేస్తే వెనక చక్రాలు జారిపోతాయి. అందుకని ఇది బరువు చూసి ఆయిల్ పంపుతుంది. బరువు పడితే బండి ఒళ్లు కిందికి దిగుతుంది, కడ్డీ పైకి లేస్తుంది. మనం చక్రాలు వేలాడదీశాం. వెనక ఎవరూ లేరనుకుంది."

"అనుకుందా?" అంది అమ్మాయి, బయటినుంచి.

"మాటవరసకే."

నేను ఆ కడ్డీనే చూస్తూ ఉండిపోయాను. మా ఆవిడ ఎప్పుడూ వెనకే కూర్చునేది. ముందుకు రావచ్చుగా అంటే, పిల్ల నా ఒళ్లో తప్ప పడుకోదు అనేది. ఆమె తలుపు తీసి కూర్చున్న ప్రతిసారీ నా వీపు వెనక ఈ కడ్డీ వెంట్రుకవాసి లేచి ఉంటుంది. ఆమె ఎంత బరువుందో, ఒళ్లో పిల్ల ఏడాదికెంత పెరిగిందో దానికి తెలుసు. వానలో, వాలులో ఎన్నోసార్లు బండి ఆపాను. నేనే ఆపానని అనుకున్నాను. వాళ్ల బరువు కూడా నాతోపాటు బ్రేకు వేస్తూ వచ్చింది.

ఇరుసును దిమ్మల మీద పెట్టాక పని ఇట్టే అయిపోయింది. వీధి చివరి వాలులో అమ్మాయి నడిపింది. మామయ్య వెనక కూర్చున్నాడు.

"ఆగుతోంది నాన్నా," అంది తిరిగి వచ్చి. "మామయ్య ముక్కునడుగు."

"రేపు ఇందులోనే పో," అన్నాడతను ముక్కు రుద్దుకుంటూ.

చీకటి పడే వేళకి సామాను సర్దుతున్నారు. నేను టార్చితో మళ్లీ బండి కింద గోనెపట్టా మీద పడుకున్నాను. ఒక్కో పెట్టె పడుతుంటే కడ్డీ రవ్వంత లేస్తోంది.

"ఏం చూస్తున్నావు నాన్నా?"

"నీ సామాను."

వెనక తలుపు తెరుచుకుంది. అమ్మాయి వెనక సీట్లో కూర్చుంది. కడ్డీ లేచి, నిలబడింది.

"కనిపించిందా?"

"కనిపించింది," అన్నాను.

లేవడానికి బావమరిది చెయ్యి అందించాడు. ముగ్గురం బయటికి వచ్చాక, అతను షెడ్డు తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి లాగి గడియ పెట్టాడు.