దిమ్మ ముందు, మనిషి తర్వాత

నేను ఒక ప్లాస్టిక్ దిమ్మను. అరచేతిలో ఇమిడిపోతాను కానీ తూకపు రాయంత బరువుంటాను. రొమ్ము ఎక్స్‌రే తీసే యంత్రం సరిగా చూస్తోందో లేదో తేల్చడానికి నన్ను తయారుచేశారు. నా కడుపులో మైనం నింపి, అందులో సన్నటి పోగులు, గడ్డల్లాంటి బిళ్ళలు, ఇసుక రేణువుల్లాంటి తెల్లటి చుక్కలు పెట్టి మూసేశారు. చూడ్డానికి రోగం ఎలా ఉంటుందో అలాగే ఉంటాను. రోగం మాత్రం లేదు.

రాజమండ్రిలోని ఒక ఆసుపత్రిలో చాలా ఏళ్ళు నాకు ఎదురు లేకపోయింది. యంత్రం కింద మొదట పడుకునేది నేనే. టెక్నీషియన్ షకీలా నా బొమ్మ తీసేది, డాక్టర్ కాత్యాయని గారు చూసేవారు. నా చుక్కలు తెర మీద తేటగా కనిపించాకే ఆడవాళ్ళను లోపలికి పిలిచేవారు. అయినా ఆ ఆడవాళ్ళంటే నాకు కడుపుమంటగా ఉండేది. "భయం లేదమ్మా, ఒక్క క్షణం ఊపిరి బిగపట్టండి" అంటూ షకీలా వాళ్ళ భుజం నిమిరేది. నన్ను గుడ్డతో తుడిచి అలమరలో పెట్టేది, అంతే.

తర్వాత కొత్త డిజిటల్ యంత్రం వచ్చింది. దానితోపాటు మెరుగు తగ్గని ఒక కొత్త దిమ్మ కూడా వచ్చింది. దాని బొమ్మను యంత్రమే చూసుకుని, యంత్రమే మార్కులు వేసుకుని, అంతా బాగుందని ఆకుపచ్చ అక్షరాల్లో చెప్పేది. పరీక్ష రాసినవాడే పేపరు దిద్దుకుంటే ఎవడు తప్పుతాడు? చదువుకున్న మనుషులకు ఈ మాట ఎందుకు తట్టలేదో! నేను అలమరలో కూర్చుని, ఆ దిమ్మ ఎప్పుడు కింద పడి పగులుతుందా అని ఎదురుచూశాను.

ఒక సాయంత్రం కంపెనీ ఇంజనీరు వచ్చి ఏదో సవరించి వెళ్ళాడు. కొత్త దిమ్మ బొమ్మ అద్దంలా నున్నగా వచ్చిందని అందరూ మురిసిపోయారు.

మర్నాడు పొద్దున్నే, అందరికంటే ముందు రత్నకుమారి అనే బస్సు కండక్టరు వచ్చింది. ఖాకీ చొక్కా మీదే, డ్యూటీకి వెళ్తూ వచ్చిందట. ఆమె బొమ్మ తీసి పంపించేశాక, డాక్టరుగారు తెర ముందు కూర్చుని లేవలేదు.

"షకీలా, ఇదేంటి, పౌడరు పూసిన మొహంలా ఉంది? మన పాత దిమ్మ ఉందా?"

"ఉందండీ, పారెయ్యలేదు."

"తీసుకురా, ఓసారి చూద్దాం."

నన్ను యంత్రం కింద పెట్టారు. బొమ్మ వచ్చింది. అందులో నా చిన్న చుక్కల్లో ఒక్కటీ లేదు. ఆ నునుపు కోసం చేసిన సవరణే వాటిని తుడిచేసింది. ఎంత పొంగిపోయానో చెప్పలేను. కొత్తదాని పరువు పోయిందని నా సంబరం. డాక్టరుగారి మొహం మాత్రం పాలిపోయింది.

"ఆవిడ వెళ్ళిపోయిందా?"

షకీలా పరిగెత్తింది. గేటు దగ్గర ఆటో ఎక్కుతున్న రత్నకుమారిని వెనక్కి తీసుకొచ్చింది.

"మళ్ళీ ఏంటమ్మా? బస్సు నా కోసం ఆగుద్దా?"

"తేడా మా మిషన్లో ఉందక్కా. సరిచేసి ఇంకోసారి తీస్తాం, కూర్చో."

ఆ సవరణ తీసేసి ముందు నన్ను పరీక్షించారు. నా చుక్కలు తిరిగొచ్చాయి. తర్వాత ఆమెను పరీక్షించారు. ఆమెలోనూ చుక్కలు కనిపించాయి, ఒకేచోట గుంపుగా.

నా సంబరం అక్కడే చచ్చిపోయింది. ఆమె భుజానికున్న టికెట్ల సంచిని ఒళ్ళోకి లాక్కుంది. డాక్టరుగారు పక్కన కూర్చుని, "అది రోగమే అయినా చాలా ముందే దొరికిందమ్మా, నయమవుతుంది" అన్నారు. ముక్క తీసి పరీక్షించారు, క్యాన్సరేనని తేలింది. చిన్న ఆపరేషన్‌తో పోయింది. కొత్తదానితోపాటు నన్నూ మళ్ళీ పనిలో పెట్టారు.

కొన్ని నెలలకు రత్నకుమారి పూతరేకులు పట్టుకుని వచ్చింది. "ఆ రోజు నన్ను వెనక్కి పిలిపించింది ఎవరమ్మా?" అని అడిగితే షకీలా నన్ను చూపించింది.

"ఇదా! ఇంత బరువుందేంటి?" అంటూ నన్ను రెండు చేతుల్లోకి తీసుకుంది. చేతొడుగులు లేని వేడి అరచేతులు. నా జన్మలో నన్నెవరూ అలా పట్టుకోలేదు.

ఇంతలో పరీక్షకు వచ్చిన ఒకామె యంత్రం దగ్గరికి రాకుండా బల్ల అంచు పట్టుకుని నిలబడిపోయింది. రత్నకుమారి నన్ను కింద పెట్టేసి, ఆమె చెయ్యి అందుకుంది.

"నేనూ నీలాగే భయపడ్డాను చెల్లీ" అంది. ఆ చేతిని ఎంతకీ వదల్లేదు. నేను చూస్తూనే ఉన్నాను, ఈసారి కడుపుమంట లేకుండా.