కిటికీ కింది గీత

ఇంజినీరు వస్తున్నాడన్న కబురు అందిన రోజే దియొలిండా సున్నం నానబెట్టింది. మర్నాడు పొద్దున్నే నిచ్చెన వేసుకుని తన వైను దుకాణం ముందుగోడకి తనే సున్నం కొట్టింది. అడిగినవాళ్ళందరికీ ఈస్టర్ వస్తోంది కదా అని చెప్పింది. ఈస్టర్ ఇంకా రెండు నెలలుంది. గోడ మొత్తానికి ఒక పూత పడితే పై అంతస్తు కిటికీ కింద మాత్రం నాలుగు పూతలు పడ్డాయి.

ఆ నాలుగు పూతల కింద రాతిలో చెక్కిన గీత ఒకటుంది. పక్కన 1909 అని అంకెలు. ఆ ఏడు డిసెంబరులో డౌరో నది ఎక్కడిదాకా వచ్చిందో చెప్పే గీత అది. రేవు వీధిలో పదకొండు ఇళ్ళుంటే పదకొండింటికీ అలాంటివి ఉన్నాయి. వేరే ఊళ్ళవాళ్ళు చుట్టాలకి తాతల పటాలు చూపించుకుంటారు, ఈ వీధివాళ్ళు వరద గీతలు చూపించుకుంటారు. అన్నిటికన్నా పైన ఉన్నది దియొలిండా తండ్రి బెల్మీరోది.

ఆ గీత వెనక కథ పట్నంలో తెలియనివాళ్ళు లేరు. నీళ్ళు దుకాణాన్ని ముంచేసి పై కిటికీని అందుకున్నాయి. బెల్మీరో పెళ్ళాం గ్రాసా కొండమీద పుట్టింట్లో ఆలివ్ కాయలు ఏరడానికి వెళ్ళింది. ఇంట్లో తండ్రి, ఏడాది పిల్ల. బెల్మీరో ఆ పిల్లని ద్రాక్షబుట్టలో పెట్టి, బుట్టకి తాడు కట్టి, కిటికీలోంచి పడవలోకి దించాడు. పడవ నడిపినవాడు అబీలియో. పిల్ల దియొలిండా. బుట్ట ఈ నలభై ఎనిమిదేళ్ళూ దుకాణంలో బల్లపైన మేకుకి వేలాడుతూనే ఉంది. కొత్తగా ఎవరు గ్లాసు పట్టుకున్నా ముందు ఆ కథ వినాల్సిందే. దియొలిండాకి మొగుడూ పిల్లలూ లేరు. దుకాణమూ, ఆ కథా, అవే ఆవిడ ఆస్తి.

ఇప్పుడు ఆ రెండూ ఒకదాన్ని ఒకటి తినేసేలా ఉన్నాయి.

అసలు పట్నం పుట్టిందే ఈ రేవు మీద. కొండల మీది తోటల్లో పండిన వైను పీపాల్లోకి, పీపాలు పడవల్లోకి ఎక్కి, సుడులన్నీ దాటుకుని సముద్రం దగ్గరి పెద్ద నగరానికి పోయేవి. పడవవాళ్ళ కోసం దుకాణాలు వెలిశాయి, పీపాలు కట్టేవాళ్ళ కొట్లు వెలిశాయి. తర్వాత రైలు వచ్చింది. పడవలు ఒడ్డునే కుళ్ళాయి. బ్యాంకూ కచేరీ మంచి మంచి ఇళ్ళూ అన్నీ కొండవాలు ఎక్కి కూర్చున్నాయి. రేవు వీధిని ముసలమ్మని వదిలేసినట్టు కిందే వదిలేశారు. ఇన్నాళ్ళకి నగరపాలక సంఘానికి మళ్ళీ నది గుర్తొచ్చింది. ఒడ్డు వెంట వెడల్పాటి రోడ్డు వేస్తారట, దీపాలు పెడతారట. పెద్ద వరదకి పై అంతస్తు మునిగిన వరుస అయితే మొత్తం కూల్చేస్తారట. మునగకపోతే ఇళ్ళు ఉంచి ముందునుంచి రోడ్డు పోనిస్తారట. ఎక్కడిదాకా మునిగిందో ఇంజినీరు గోడల మీది గీతలు చూసి రాసుకుంటాడు. వీధిలో ఏ గీత ఎత్తుగా ఉంటే అదే లెక్క.

అందుకే సున్నం.

సున్నం కొట్టిన మూడోరోజు తలుపు తీసేసరికి గుమ్మం ముందు రాతిపొడి కనిపించింది. తలెత్తి చూసింది. కిటికీ కింద సున్నం గీకేసి ఉంది. గీతలో సగం, 1909లో చివరి తొమ్మిది, నల్లగా బయటపడి నవ్వుతున్నాయి. మళ్ళీ పూద్దామంటే నానబెట్టిన సున్నం అప్పటికే అయిపోయింది.

ఎవరు? ఈ వీధిలో రాయి కొట్టే ఉలి ఉన్నవాడు ఒక్కడే. పడవలు పోయాక తోటల్లో రాతిగోడలు కట్టి బతికిన అబీలియో. అతని ఇల్లు సరిగ్గా ఈ వరుస వెనక, నాలుగు మెట్లు పైన ఉంది. ముందున్న ఇళ్ళు పడిపోతే అతని గుమ్మం నేరుగా కొత్త రోడ్డు మీదకి తెరుచుకుంటుంది. నదీ కనిపిస్తుంది. అరవై ఎనిమిదేళ్ళ ముసలివాడికి నది ఎందుకంటే, ఏమో, పడవవాడికి నది మీద ఆశ చస్తుందా?

ఒకసారి అనుమానం పడ్డాక అన్నీ దానికే సాక్ష్యాలయ్యాయి. రోజూ బల్ల దగ్గర నిలబడి తాగేవాడు ఇప్పుడు మూల కుర్చీలో కూర్చుంటున్నాడు, ఎందుకు? మొన్న ఇంజినీరు తాలూకు బంట్రోతుకి టోపీ తీసి దండం పెట్టాడు, ఎందుకు? తను అటు చూడగానే చూపు తిప్పేస్తున్నాడు. ఆ చేతి వేళ్ళ సందుల్లో తెల్లగా ఉన్నది సున్నం కాదా? చిన్నప్పటినుంచి నోరారా బాబాయ్ అని పిలిచిన మనిషి. ఆ పిలుపు ఆవిడ నాలుక మీదే ఎండిపోయింది.

పీపాలు కట్టే కుస్తోదియో పక్కింటివాడు. అతనూ ఈమధ్య మరీ మంచిగా మాట్లాడుతున్నాడు. దియొలిండాకి అదీ నచ్చలేదు.

"ఏంటి దియొలిండా, గోడకి మశూచి పోసిందా?" అన్నాడు కుస్తోదియో పైకి చూస్తూ.

"నీ కళ్ళకి పోసింది. ఎవరు గీకారో నీకు తెలుసు."

"నాకేం తెలుసు? నేను పీపాల మనిషిని. రాళ్ళ సంగతి రాళ్ళవాళ్ళని అడుగు."

అని నీళ్ళు నములుతూ లోపలికి పోయాడు. అతని కళ్ళు ఒక్కసారి అబీలియో ఇంటివైపు వెళ్ళొచ్చాయి. దియొలిండాకి అది చాలు.

ఆ సాయంత్రం అబీలియో వచ్చి మూల కూర్చున్నాడు. ఆవిడ గ్లాసులో సగానికే పోసి, అతని ముందు టక్కున పెట్టింది. ఎప్పుడూ ఇచ్చే మొక్కజొన్న రొట్టె ముక్క ఇవ్వలేదు.

"రొట్టె అయిపోయిందా పిల్లా?"

"రాయి తిని బతికేవాళ్ళకి రొట్టెందుకయ్యా?"

తాగుతున్నవాళ్ళంతా ఇటు తిరిగారు. అబీలియో గ్లాసు వంక చూశాడు, ఆవిడ వంక చూశాడు.

"ఏంటమ్మాయ్, ఏదో మనసులో పెట్టుకున్నావు."

"నేను మనసులో పెట్టుకున్నాను, నువ్వు గోడ మీద పెట్టావు. మా నాన్న నీకేం ద్రోహం చేశాడని ఆయన ఇల్లు పడగొట్టిస్తున్నావు? ఆ రోడ్డు మీద కుర్చీ వేసుకుని కూర్చుందామనా? నీ పప్పులు నా దగ్గర ఉడకవు."

అబీలియో కుర్చీలోంచి లేచాడు. వైను అలాగే వదిలేసి, టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. తప్పు చేయనివాడయితే మాట్లాడకుండా పోతాడా అని దియొలిండా అందరితోనూ అంది. అందరూ తలూపారు గాని ఒక్కరూ ఆవిడ కళ్ళలోకి చూడలేదు. ఆవిడకి అదీ అనుమానంగానే ఉంది.

శుక్రవారం పొద్దున ఇంజినీరు తావరెస్ దిగాడు. పొట్టిమనిషి, కళ్ళజోడు, నవ్వు రాని మొహం. నీళ్ళు నింపిన పొడవాటి రబ్బరు గొట్టం, దానికి రెండు చివర్లా గాజునాళాలు. ఒక చివర ఒక ఇంటి గీత దగ్గర, రెండో చివర పక్కింటి గీత దగ్గర పట్టించి, ఏ గీత ఎంత ఎత్తో రాసుకుంటూ వీధి ఈ చివరనుంచి ఆ చివరకి వెళ్ళాడు. వెనకే వీధంతా నడిచింది. పదకొండో ఇంటిదగ్గర ఆగి కళ్ళజోడు తుడుచుకున్నాడు.

"నాకొక సంగతి అర్థం కావట్లేదు. నీళ్ళన్నాక వీధంతా ఒకటే మట్టంలో ఉండాలి కదా? మీ గీతలు ఒక్కోటీ ఒక్కో ఎత్తులో ఉన్నాయి. మీ నది మెట్లెక్కి వచ్చిందా?"

కుస్తోదియో తన చెప్పులు చూసుకున్నాడు.

"సరే. రూలు ప్రకారం ఎత్తైనదే లెక్క. అది ఇది." ఇంజినీరు దియొలిండా గోడకి నిచ్చెన వేయించి పైకెక్కాడు. వేలితో తడిమాడు.

దియొలిండా ఇక ఆగలేకపోయింది. "సారూ, నేనే దానిమీద సున్నం కొట్టాను. తప్పే. కానీ ఈ మనిషి దాన్ని గీకి మీకు చూపించాడు, మా ఇళ్ళు కూలాలని! వీధంతటికీ గొయ్యి తవ్వాడు!" అని అబీలియో వైపు చెయ్యి చాచింది.

"గీకలేదమ్మా," అన్నాడు ఇంజినీరు పైనుంచి. "ఉలితో కొట్టారు. గీతని రాతిలోంచి తీసేయాలని చూశారు. సగం పోయింది కూడా. చూపించాలనుకున్నవాడు చెరిపేస్తాడా?"

చాచిన చెయ్యి అలాగే ఉండిపోయింది. ఇళ్ళు కూలితే లాభపడేవాడు, ఇళ్ళని నిలబెట్టడానికి తెల్లవారకుండా లేచి రాయి ఎందుకు కొడతాడు? ఇన్నేళ్ళూ ఆవిడ కథ చెప్పుకుంటూ వచ్చింది గాని ఒక్కసారీ ప్రశ్న అడగలేదు.

"ఎందుకు చేశావు?" అంది.

"సున్నం ఒక వానకి పోద్ది," అన్నాడు అబీలియో. "ఆయనొచ్చి ఒక్కసారి తుడిస్తే బయటపడుద్ది. అందుకని."

"అది మా నాన్న గీత. నువ్వెవరివి దాన్ని చెరపడానికి?"

ముసలివాడు టోపీ తీశాడు. "ఆ గీత నిజం కాదమ్మాయ్," అన్నాడు.

దియొలిండా ఒంటికాలి మీద లేచింది. మా నాన్న అబద్ధాలకోరా, చచ్చినవాణ్ణి పట్టుకుని ఎంత మాటన్నావు అంటూ వీధి అదిరేలా అరిచింది. అబీలియో అరవలేదు. దుకాణంలోకి వేలు చూపించాడు.

"మీ పెద్ద పీపా జరిపించు. వరద తర్వాత దాని వెనక గోడకి ఎవరూ సున్నం కొట్టలేదు."

ఆ పీపా బెల్మీరో పెళ్ళినాటిది. అప్పటినుంచి కదిపిన పాపాన పోలేదు. కుస్తోదియో, మరో ముగ్గురూ గునపాలు వేసి పక్కకి ఒరిపించారు. వెనక సాలెగూళ్ళు, పాత సున్నం. ఆ సున్నం మీద గోడ ఈ కొసనుంచి ఆ కొసకి బురదరంగులో చక్కటి చార. కిటికీ దగ్గర కాదు, కనీసం తలుపు పైకమ్మీ దగ్గరా కాదు. మనిషి ఛాతీ ఎత్తున ఉంది.

అబీలియో వెళ్ళి ఆ గోడకి ఆనుకుని నిలబడ్డాడు. చార అతని భుజానికి వచ్చింది.

"అప్పుడు ఇక్కడిదాకా," అని ఛాతీ తట్టుకున్నాడు. "ముసలాడినయ్యి కుంగాను."

"నీకెలా తెలుసు?" అంది దియొలిండా.

"లోపల నిలబడ్డది నేను కాబట్టి."

మాటలు వెతుక్కుంటూ చెప్పాడు. మధ్యాహ్నంవేళ నీళ్ళు ఒక్కసారిగా లేచాయి. రేవు మీద బెల్మీరో పీపాలు దొర్లిపోతుంటే అతను వాటి వెనక పరుగెత్తాడు. అవి పోతే బతుకు లేదు. పిల్ల బల్లమీద బుట్టలో నిద్రపోతోంది, క్షణంలో వచ్చేస్తాననుకున్నాడు. రాలేకపోయాడు. ఆ ఉరవడికి పడవ నిలవదు. పిల్ల ఏడుపు విని అబీలియో తలుపు నెట్టుకుని వచ్చాడు. బుట్ట అప్పటికే బల్లమీద లేదు.

"తేలుతోంది. ఈ పీపాకి తగిలి గిరగిరా తిరుగుతోంది. నెత్తిన పెట్టుకుని బయటికి నడిచాను. మీ నాన్న చర్చి మెట్లమీద కూర్చుని తల బాదుకుంటున్నాడు. నిన్ను ఒళ్ళో పెడితే నా కాళ్ళు పట్టుకున్నాడమ్మా. గ్రాసాకి చెప్పొద్దురా, చెపితే నా మొహం చూడదు, నేనే కిటికీలోంచి నీ పడవలోకి దించానని చెపుదాం అన్నాడు. మాటిచ్చాను. ఛాతీలోతు నీళ్ళకి కిటికీ ఎందుకని ఆవిడ అడుగుద్ది కదా. అందుకే అంత పైన చెక్కాడు. ఒక్క ఆడమనిషి నమ్మడానికి."

గుమ్మంలో వీధంతా నిలబడి ఉంది. ఎవరి మొహంలోనూ ఆశ్చర్యం లేదు. దియొలిండా ఒక్కొక్కరి మొహమూ చూసింది. వీళ్ళకి తెలుసు. ఇన్నాళ్ళూ ఈ కథ విని తలూపిన ప్రతివాడికీ తెలుసు. తెలియనిది తనొక్కదానికే.

ఆవిడ ఎత్తుపీట ఎక్కి మేకు మీది బుట్ట తీసింది. కిటికీలోంచి పడవలోకి దించిన బుట్టకి అడుగు తడవాల్సిన పనిలేదు. తిప్పి చూసింది. అల్లిక సందుల్లో అడుగునుంచి జానెడు ఎత్తు వరకు ఎండిన ఒండ్రు, గోడమీది చార రంగే. చిన్నప్పటినుంచి ఆ మట్టిని గోటితో గీరుతూ ఆడుకుంది. అది ఎలా వచ్చిందని ఎన్నడూ అనుకోలేదు.

ఇంజినీరు కాగితం, పెన్నూ తీశాడు. ఇబ్బంది పడుతూనే అడిగాడు. "నేను ఏదో ఒకటి రాయాలమ్మా. ఇది కచేరీలో ఉండిపోయే కాగితం. బయట గీత నిజమంటే వరుస పోతుంది. అబద్ధమంటే ఎవరు చెక్కారో, ఎందుకో రాయాలి. ఇంటివాళ్ళు సంతకం పెట్టాలి."

దియొలిండాకి అబీలియో పేరు చెప్పడం నిమిషం పని. ఉలి అతనిది. పొద్దున్నే గోడ దగ్గర ఉన్నదీ అతనే. ఇన్నాళ్ళూ తలూపిన వీధి దీనికీ తలూపుతుంది. నాన్న కిటికీ దగ్గరే, తాడు పట్టుకునే ఉండిపోతాడు. ఆవిడ అబీలియో వైపు చూసింది. అతను నేలకేసి చూస్తున్నాడు. అడిగితే ఆ నిందకి కూడా ఒప్పుకునేలా ఉన్నాడు.

"రాయండి," అంది. "నీళ్ళు ఛాతీ దాకానే వచ్చాయి. పై గీత మా నాన్న బెల్మీరో చెక్కాడు. పిల్లని వదిలేసి పీపాల వెనక పోయాడు, ఆ సిగ్గుకి చెక్కాడు. అది కూడా రాయండి."

ఆవిడకి ఏడుపొచ్చింది. ఆపుకోకుండానే సంతకం పెట్టింది. గుమ్మంలోంచి కుస్తోదియో దగ్గాడు.

"సారూ, మాది కూడా ఓ రెండు జానలు తగ్గించుకోండి. బెల్మీరోది చూసి మా నాన్న ఊరుకోలేకపోయాడు."

అతని వెనక ఇంకెవరో మాదీ అన్నారు, ఇంకొకరు మాదీ అన్నారు. ఇంజినీరు మొదటిసారి నవ్వాడు. వరుస నిలబడింది.

అందరూ వెళ్ళాక అబీలియో కూడా టోపీ తీసుకున్నాడు. దియొలిండా గ్లాసు అంచుదాకా నింపి బల్లమీద పెట్టింది, రొట్టె పెట్టింది. బుట్టని మళ్ళీ మేకుకి తగిలించలేదు. బల్లమీదే, ఇద్దరి మధ్య ఉంచింది.

"బరువున్నానా?" అని అడిగింది.

"ఏం బరువు, ఎండు చేపంత కూడా లేవు. దారంతా నా నెత్తిమీద ఉచ్చపోశావు."

దియొలిండా నవ్వబోయి నవ్వలేకపోయింది. రొట్టె విరిచి అతని చేతిలో పెట్టింది.

"తిను బాబాయ్," అంది.