ఏడో నంబరు పుస్తకం

శ్రీకాకుళంలో ఒక సంఘం నడిపే లైబ్రరీ గోడ మీద డిసెంబరు ఒకటో తేదీన ఒక జాబితా అంటించారు. నాలుగో తేదీ నేవీ డే. ఆ రోజు పుస్తక ప్రదర్శన ఉంది. జాబితా పైన ఇలా రాసి ఉంది: 'జలాంతర్గాములు, జలాంతర్గామి యుద్ధం: తప్పక చదవవలసిన పన్నెండు పుస్తకాలు'. పదకొండు ఇంగ్లీషువి, ఒకటి తెలుగుది. ఒక్కో పుస్తకం పేరు కింద రెండేసి వాక్యాల పరిచయం ఉంది. చివర కార్యదర్శి జగన్నాధం సంతకం. ఆయన కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యారు.

ఉషకు ఇరవై ఏళ్లు. పోటీ పరీక్షల పుస్తకాల కోసం ఆ లైబ్రరీకి వస్తుంది. ఆమె ఊరు గార మండలంలో, సముద్రం ఒడ్డున ఉంది. జాబితాను నిలబడి చదువుతూ ఏడో నంబరు దగ్గర ఆగింది. 'జలాంతర్గాములు చేపల వలలకు తగులుకుని పడవలను లాక్కుపోయిన సంఘటనలపై ఇందులో ఒక అధ్యాయం ఉంది' అని రాసి ఉంది. ఆ వాక్యాన్ని మూడుసార్లు చదివింది.

పదకొండేళ్ల కిందట, కార్తీకమాసంలో, ఉష తండ్రి జోగయ్య, మేనమామ గోవింద్ ఒకే పడవలో ఇద్దరే చేపల వేటకు వెళ్లారు. జోగయ్య తాడు దగ్గర కూర్చునే మనిషి. వల తాడును పడవ ముక్కుకు కడతారు. ఆ తాడు పక్కన కూర్చునేవాడి నడుముకు కత్తి ఉంటుంది. వల దేనికైనా తగులుకుని పడవ వంగితే అతను ఎవరినీ అడగకుండా తాడు కోసెయ్యాలి. వల పోతే పోయింది. మనుషులు మిగలాలి.

ఆ రోజు పడవ మునిగింది. గోవింద్ చనిపోయాడు. జోగయ్యను ఊరిపెద్ద చినబాబు తన పడవలోకి తీశాడు. తీసిన చోటు బండ పక్కన. బండ అంటే నీటి కింద ఉన్న రాతిగుట్ట. అక్కడ చేప ఎక్కువ, వల తగులుకునే ప్రమాదమూ ఎక్కువ. అక్కడ వల వెయ్యకూడదని ఊరి కట్టుబాటు. ఊరు ఒక్క పూటలో తేల్చేసింది. జోగయ్య చేపకు ఆశపడి బండ మీద వల వేశాడు. తగులుకున్నాక వల పోతుందని తాడు కొయ్యలేదు. బావమరిదిని చంపుకున్నాడు.

జోగయ్య చెప్పింది వేరు. వల వేసినప్పుడు కళింగపట్నం లైట్‌హౌసు, దాని వెనక శాలిహుండం కొండ ఒకే వరసలో కనబడ్డాయి. సముద్రంలో చోటు గుర్తుపెట్టుకునే పద్ధతి అదే. అంటే వల వేసింది బండకు చాలా దక్షిణాన. తర్వాత ఏదో వలను పట్టి పడవను ఉత్తరానికి ఈడ్చుకుపోయింది. తాడు కోశాడు. అప్పటికే ముక్కు మునిగింది. ఏదో అంటే ఏమిటని అడిగారు. సబ్‌మెరైన్ అయ్యుంటుందన్నాడు. నవ్వారు.

ఆ తర్వాత ఏ పడవలోనూ అతనికి తాడు ఇవ్వలేదు. అతను ఒడ్డున కూర్చుని ఇతరుల వలలు బాగుచేస్తాడు. ఊరు అతనికి 'సబ్‌మెరైన్' అని పేరు పెట్టింది. గోవింద్ తల్లి గున్నమ్మ, జోగయ్యకు అత్త. పదకొండేళ్లుగా ఆమె కూతురి గడప తొక్కలేదు, అల్లుడితో మాట్లాడలేదు.

ఉష జగన్నాధం బల్ల దగ్గరికి వెళ్లింది.

"సార్, ఏడో నంబరు పుస్తకం కావాలండి."

"అవి ప్రదర్శనకమ్మా. ఇంటికివ్వం."

"ఇక్కడే కూర్చుని చదువుకుంటానండి."

"అద్దాల బీరువాలో పెట్టాం. తాళం ప్రెసిడెంటు గారి దగ్గరుంది. నాలుగో తేదీన రా, చూడొచ్చు."

"చూడొచ్చా, చదవొచ్చా సార్?"

జగన్నాధం కళ్లజోడు తీశారు. "నీకు గ్రూప్స్ పుస్తకాలున్నాయి కదా. ఇవి యుద్ధానికి సంబంధించినవి. మీ ఊరివాళ్లకి వీటితో పనేముంటుంది?"

"మీరు చదివారా సార్?"

"నేను ఎంపిక చేశానమ్మా" అన్నారు ఆయన.

నాలుగో తేదీన ఉష తండ్రిని వెంటబెట్టుకుని వచ్చింది. జోగయ్య ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. వలలు బాగుచేసే కత్తి అలవాటుగా నడుముకు ఉంది. హాల్లో బల్ల మీద తెల్లగుడ్డ పరిచి పన్నెండు పుస్తకాలూ వరసగా పెట్టారు. అతిథులు బల్ల ముందు నిలబడి ఫోటోలు దిగుతున్నారు. ఉష ఏడో పుస్తకాన్ని చేతిలోకి తీసుకుంది. దుకాణంలో చుట్టిన ప్లాస్టిక్ కాగితం ఇంకా దాని మీదే ఉంది. మిగతా పదకొండూ చూసింది. అన్నీ అలాగే ఉన్నాయి.

"అమ్మా, కవరు తియ్యకు. పుస్తకం పాడవుతుంది" అన్నారు జగన్నాధం.

"సదవకపోతే పాడవదేటి బాబూ?" అన్నాడు జోగయ్య.

"మీరెవరండీ?"

"ఈ పిల్ల అయ్యని. గోడ మీద తప్పక సదవమని రాసినారు. కవరు తియ్యొద్దంటన్నారు. మరెలా సదవాల? పైనుంచి తడిమీసి ఎలిపోవాలేటి?"

ఫోటోలు దిగేవాళ్లలో ఒకరు నవ్వారు. జగన్నాధం నవ్వలేదు. "ప్రదర్శనకి ఒక పద్ధతి ఉంటుందయ్యా" అన్నారు.

జోగయ్య నడుము దగ్గరి కత్తి తీశాడు. ప్లాస్టిక్ కాగితాన్ని అంచు వెంట కోశాడు. పుస్తకం మీద గీత పడలేదు. పుస్తకాన్ని కూతురి చేతిలో పెట్టాడు.

"కత్తి! కత్తి తీశాడు!" అని సంఘం సభ్యుడొకరు అరిచారు. ఇద్దరు వచ్చి జోగయ్య చేతులు పట్టుకున్నారు. అతను పెనుగులాడలేదు. "వల కత్తి బాబూ. మనుసుల్ని కోసేది కాదు" అన్నాడు. కత్తిని ఆఫీసు గదిలో పెట్టి తాళం వేశారు. ప్రెసిడెంటు గారి సంతకం తెచ్చుకుంటే తిరిగి ఇస్తామన్నారు. ప్రెసిడెంటు గారు బీరువా తాళం ఇచ్చి హైదరాబాద్ వెళ్లిపోయారు.

ఈ గొడవ జరిగినంతసేపూ ఉష చదివింది. తొమ్మిది పేజీలను ఫోనులో ఫోటో తీసింది. జగన్నాధం పుస్తకం కోసం చెయ్యి చాచేసరికి ఆమె ఒక పేరా తెలుగులో చెప్పింది. వల తగులుకుంటే జలాంతర్గామి పడవను నీటి ప్రవాహానికి ఎదురుగా కూడా లాక్కుపోగలదు. తాడు కోయడానికి నిమిషం కూడా దొరకదు. బతికి బయటపడ్డవాళ్లను ఒడ్డున ఉన్నవాళ్లు నమ్మలేదు.

"అలా ఉందా అందులో?" అన్నారు జగన్నాధం.

ప్రదర్శనకు నూటయాభై మంది వచ్చారని మరునాడు పత్రికలో వచ్చింది. పుస్తకం తెరిచింది ఒక్కరే.

ప్రదర్శన జరిగిన రోజు సాయంత్రమే ఊళ్లో, వలలు ఆరబెట్టే పాక దగ్గర ఉష ఆ తొమ్మిది పేజీలూ తెలుగు చేసి వినిపించింది. పాతికమంది దాకా చేరారు. "సబ్‌మెరైన్ మావ పుస్తకమే రాయించీసినాడ్రోయ్" అని వెనక నుంచి ఒకడు అన్నాడు. కొందరు నవ్వారు. చదవడం అయ్యేసరికి ఎవరూ నవ్వడం లేదు.

చినబాబు గొంతు సవరించుకున్నాడు. "ఒరే జోగయ్యా, పుస్తకంలో అచ్చేసినారంటే ఉంటాదిరా. ఉత్తినే అచ్చెయ్యరు కదేటి."

జోగయ్య లేచి నిలబడ్డాడు. "ఆ పుస్తకం రాసినోడు మన నీట్లో ములిగినాడేటి మావా? నాను ములిగినాను. మన లైట్‌హౌసు ఆడికి తెల్దు, మన బండ తెల్దు. ఆడి మాట నమ్ముతావు. నాను ఈ నోటితో సెప్తే నవ్వినావు. పదకొండేల్లు నా పిల్లని బడిలో, ఊల్లో సబ్‌మెరైన్ కూతురన్నారు. నాను అబద్దం ఆడినానని ఏ పుస్తకంలో సదివినావు నువ్వు?"

"అది కాదురా..."

"ఏది కాదు?"

గున్నమ్మ పాక స్తంభం పక్కన చేపల బుట్ట బోర్లించి కూర్చుని ఉంది. ఆమె జోగయ్య వైపు చూడలేదు. "చినబాబూ, నానొకటి అడుగుతాను, సెప్పు" అంది.

"అడుగొప్పా" అన్నాడు చినబాబు. అక్కను అక్కడ ఒప్ప అంటారు.

"ఈడ్ని నువ్వు తీసేసరికి ఎంతసేపు నీట్లో ఉన్నాడు?"

చినబాబుకు ఆ ప్రశ్న ఇష్టం. పదకొండేళ్లుగా పెళ్లిళ్లలో, పండగల్లో చెబుతున్న కథ అది. "రెండు గంటలొప్పా. సెర్మం తెల్లగా ముడతలు పడిపోనాది. ఇంకో అరగంటైతే మనిసి దక్కడు. నాను కాబట్టి సూసినాను."

"ఎక్కడ తీసినావు?"

"బండ పక్కన."

"కార్తీకంలో నీరు ఎటు పోతాది?"

"దచ్చినానికి."

"రెండు గంటలు నీట్లో ఉన్నోడు ఎటు కొట్టుకుపోవాల?"

చినబాబు దక్షిణం వైపు చెయ్యి చాపి, దించేశాడు. తెగిపోయిన వలను వెతకడానికి వెళ్లినప్పుడు ఆ లెక్క వెయ్యనివాడు ఆ ఒడ్డున లేడు. వల తెగి గంటయితే దక్షిణాన ఇంత దూరం వెళ్లి వెతుకుతారు. రెండు గంటలయితే అంతకు రెట్టింపు. బండ మీద మునిగిన మనిషి రెండు గంటల తర్వాత బండ పక్కనే దొరకడు. బండ పక్కన దొరికాడంటే మునిగింది దానికి ఇంకా ఉత్తరాన. అక్కడ ఆ నెలలో ఎవరూ వల వెయ్యరు. ఏదో నీటికి ఎదురుగా ఈడ్చుకుపోతే తప్ప పడవ అక్కడికి చేరదు. వల కోసం ఎప్పుడూ వేసే లెక్కను మనిషి కోసం ఎవరూ వెయ్యలేదు.

"నా కొడుకు పోనాడని నాకు ఒల్లు తెల్దు. ఏడ్చుకుంటా కూకున్నాను" అంది గున్నమ్మ. "నీకేటయింది? ఊరికి పెద్దవి. నీ పడవలోనే తెచ్చినావు. ఈ లెక్క నువ్వైనా ఏసినావా?"

"ఎయ్యనేదొప్పా" అన్నాడు చినబాబు.

"నానూ ఎయ్యనేదు" అంది గున్నమ్మ.

 చినబాబు తలగుడ్డ తీసి మళ్లీ చుట్టుకున్నాడు. "రేపు తెల్లారి నా పడవ ఎల్తాది. తాడు నువ్వే పట్టరా జోగయ్యా" అన్నాడు.

"కత్తి నేదు" అన్నాడు జోగయ్య.

"ఏటయింది?"

"లైబ్రరీలో లాక్కున్నారు. సంతకం కావాలంట."

"పుస్తకం సదవడానికెల్తే కత్తి లాక్కోడమేట్రా!"

గున్నమ్మ లేచి బుట్టను తిరగేసింది. దాని కింద, నేల మీద, గోనెగుడ్డలో చుట్టిన కత్తి ఉంది. రోజూ చేపలు కోసే కత్తి అది. గుడ్డ విప్పి, పిడి అల్లుడి వైపు వచ్చేలా పట్టుకుంది. పదకొండేళ్ల తర్వాత అతని మొహం చూసి మాట్లాడింది.

"సాయంత్రానికి తెచ్చి నా సేతికియ్యాల. ఇది నేకపోతే నా బేరం సాగదు."

"తెస్తానత్తా" అన్నాడు జోగయ్య.