పట్టుకున్నానన్న మాట

ఊరకే రారు మహానుభావులు అంటారు. శనివారం పొద్దున్నే కోడలు రోండా పనిముట్ల పెట్టె మోసుకుంటూ షెడ్డులోకి వచ్చి, "మామయ్యా, మీ బండికి బ్రేకులు మారుద్దాం" అన్నప్పుడు ఆర్విడ్ టోలెఫ్‌సన్ మనసులో అనుకున్నది సరిగ్గా అదే.

బండి పందొమ్మిది వందల అరవైయారు మోడల్ పికప్ ట్రక్కు. నాలుగు చక్రాలకీ పాతకాలపు డ్రమ్ము బ్రేకులు, బ్రేక్ ఆయిల్‌కి ఒకటే గది. ఎక్కడ కారినా నాలుగూ ఒక్కసారే పోతాయి. ఈ సంగతి ఆర్విడ్‌కి యాభై ఏళ్ళుగా తెలుసు. రోండాకి ఇంకా బాగా తెలుసు, ఎందుకంటే ఆమె ఉద్యోగం స్కూలు బస్సుల షెడ్డులో బ్రేకులు బాగుచేయడమే. కొడుకు డేల్ ఉత్తర డకోటా చమురు బావుల్లో పని చేస్తూ నెలకోసారి వస్తాడు కాబట్టి, ఎనిమిదేళ్ళుగా ఒకే ఇంట్లో పెద్దవాళ్ళు ఈ ఇద్దరే ఎదురుబొదురు. ఆ ఎనిమిదేళ్ళలో ఆమె ఈ బండి మీద చెయ్యి వేసిన పాపాన పోలేదు. మరి ఇప్పుడేం పుట్టుకొచ్చింది?

ఆర్విడ్ దగ్గర ఒక ఆధారం ఉంది. పోయిన వారం మిస్సోలా పట్నం నుంచి ఒకడు వచ్చాడు. బురద అంటని బూట్లు. బండి చుట్టూ రెండుసార్లు తిరిగాడు, నేల మీద వాలి అడుగుభాగం చూశాడు, ఫోన్లో ఫోటోలు తీసుకున్నాడు. ఎవడు వాడని అడిగితే రోండా దారి తప్పి వచ్చాడంది. తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసం అన్నట్టుంది. దారి అడగవచ్చినవాడికి బండి అడుగున ఏం పని? పాత బండికి కొత్త బ్రేకులుంటే బేరం బాగా పలుకుతుందని చిన్న పిల్లాడికైనా తెలుసు.

బండి పోతే ఆర్విడ్‌కి మిగిలేదేమీ లేదు. రోజూ పొద్దున మనవరాలు ట్యాన్సీని పక్కన కూచోబెట్టుకుని, నాలుగు మైళ్ళ లోయదారి దిగి, స్కూలు బస్సు ఆగే మలుపులో దింపి వస్తాడు. తొమ్మిదేళ్ళ ఆ పిల్ల ఆగకుండా చెప్పే కబుర్లు వినడానికే అతను నిద్ర లేస్తున్నాడు. అది నిజం.

ఇంకో నిజం కూడా ఉంది. అది ఎవరికీ చెప్పలేదు. చలికాలం నుంచీ అతని కుడిపాదం మొద్దుబారింది. బూటులో కాలుందో లేదో వంగి చూసుకుంటే గానీ తెలియదు. మార్చిలో ఒకరోజు చర్చి దగ్గర స్టాప్ బోర్డు కనబడి బ్రేకు తొక్కితే పాదం పెడల్ మీంచి జారిపోయింది. బండి ఆగకుండా కూడలి దాటేసింది. అదృష్టం బాగుండి ఎదురుగా ఎవరూ రాలేదు. "తాతా, నువ్వు ఆగలేదు" అంది ట్యాన్సీ. ఈ సంగతి మనిద్దరి మధ్యే ఉండాలన్నాడు ఆర్విడ్.

అందుకే రోండా బ్రేకులనగానే గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకున్నాడు.

రెండు రోజులూ తిరగేసిన బకెట్టు మీద కూచుని ఆమె పని కాపలా కాశాడు. ముందు చక్రాల డ్రమ్ములు ఊడదీసి డిస్కులు బిగించింది. రెండు గదుల కొత్త సిలిండర్ పెట్టింది. దాని వెనక గుండ్రని డబ్బా ఒకటి బిగించి, ఇది బూస్టరని, ఇంజన్ నడుస్తున్నప్పుడు మెల్లగా తొక్కినా బండి ఆగుతుందని చెప్పింది. మెల్లగా అన్న మాట అతని చెవిలో ముల్లులా దిగింది. నాకెందుకు మెల్లగా? ఊడదీసిన సామానంతా ఆమె గుడ్డతో తుడిచి అట్టపెట్టెలో సర్దుతోంది. పారేసే సామానుకి అంత శుభ్రం దేనికి? కొనేవాడికి చూపించడానికే. కాఫీ ఇస్తే కూడా ఎందుకిచ్చిందా అని వాసన చూసి తాగాడు.

ఆదివారం మధ్యాహ్నానికి గొట్టాల్లో గాలి తీసే పని ఒక్కటే మిగిలింది. దానికి ఇద్దరు కావాలి. ఒకరు పైన కూచుని పెడల్ తొక్కి పట్టుకోవాలి, రెండోవారు కింద పడుకుని చక్రం దగ్గర చిన్న నట్టు వదులు చెయ్యాలి. పైవాడు "పట్టుకున్నా" అంటేనే కిందివాడు నట్టు తిప్పుతాడు. నట్టు మళ్ళీ బిగించి "వదలండి" అనేదాకా పైవాడు కాలు తియ్యకూడదు. ఒకరికొకరు కనబడరు. ఆ మాటే ఆధారం.

ఆర్విడ్ సీటెక్కాడు. మూడుసార్లు తొక్కి, "పట్టుకున్నా" అన్నాడు. రోండా నట్టు వదులు చేయగానే పెడల్ కిందికి కుంగింది, దాంతోపాటే పాదం పక్కకి జారింది. చప్పుడు కాకుండా చేత్తో మోకాలు పట్టుకుని కాలు మళ్ళీ పైకి పెట్టాడు. ఆమె వదలమంది. వదిలానన్నాడు.

రెండోసారీ అంతే. మూడోసారి రెండు చేతులతో తొడని నొక్కాడు. అయినా జారింది. నీ సామానులో ఏదో లోపముందని కిందికి వినబడేలా అన్నాడు. అన్నందుకు అతనికే సిగ్గేసింది. రోండా కొత్త ఆయిల్ పోసి వచ్చి మళ్ళీ కింద పడుకుంది. విసుక్కోలేదు. ఆ విసుక్కోకపోవడమే అతనికి అనుమానంగా ఉంది.

"మామయ్యా, పట్టుకున్నారా?"

ఆర్విడ్ వంగి చూశాడు. పాదం పెడల్ మీదే ఉంది. అది కళ్ళకి తెలుసు, కాలికి తెలియదు. ఇదే కాలితో రేపు పొద్దున్నే పిల్లని పక్కన పెట్టుకుని లోయలోకి దిగాలి. ఒక్కసారిగా భయం వేసింది, నెలల తరబడి పక్కకి తోసేసిన భయం.

"లేదు," అన్నాడు. "పట్టుకోలేదు. ఇందాకట్నుంచీ ఒక్కసారి కూడా పట్టుకోలేదు. నా కాలు నిలవట్లేదు రోండా."

ఆమె బయటికి జరిగి, చేతులు తుడుచుకుంటూ తలుపు దగ్గరికొచ్చింది.

"తెలుసు మామయ్యా. గొట్టంలో ఆయిల్ వెనక్కి పోతోంది. పైన కాలు తీస్తేనే అలా పోతుంది."

"మరి మూడుసార్లు ఊరుకున్నావే?"

"మీ నోటితో చెప్తారేమోనని. మీ కాలి మీద నాకు పది రోజుల కిందే అనుమానం వచ్చింది. మార్చిలో చర్చి దగ్గర మీరు ఆగకుండా పోవడం మా బస్సు డ్రైవరు చూసిందట, అప్పుడే చెప్పింది."

"ట్యాన్సీ చెప్పిందనుకున్నా."

"దాన్ని అడిగాను. ఆగాడమ్మా, పూర్తిగా ఆగాడు అంది. నా మొహంలోకి సూటిగా చూస్తూ."

చెప్పొద్దన్నాడే గానీ, పిల్ల తనకోసం తల్లితో అబద్ధమాడుతుందని అతను అనుకోలేదు. ఆ మిస్సోలావాడి సంగతేమిటని అడిగాడు.

"రేపు వస్తాడు. ఇంకోసారి పట్టుకున్నా అని ఉంటే బండి వాడికిచ్చి పంపేసేదాన్ని. ఇప్పుడు రావద్దని చెప్తా. కానీ డాక్టరు మీ కాలు చూసి సరే అనేదాకా నేను తోలతాను, మీరు పక్కన కూచోండి."

అతని అనుమానమే నిజమైంది. అయినా గెలిచినట్టు లేదు. ట్యాన్సీని పిలవమన్నాడు.

పిల్ల పరుగెత్తుకొచ్చి షెడ్డు గుమ్మంలో ఆగింది. ఆర్విడ్ బండి దిగి, దాని ఎత్తుకి వంగాడు.

"ట్యాన్సీ, ఆ రోజు చర్చి దగ్గర నేను ఆగానా?"

పిల్ల తల్లి వంక చూసింది, తాత వంక చూసింది. పిడికిళ్ళు బిగించింది.

"ఆగావు తాతా."

"లేదు తల్లీ, ఆగలేదు. అమ్మకి నేను చెప్పేశాను. నువ్వింక వదిలెయ్."

అప్పుడు ఏడ్చింది ట్యాన్సీ.