తడి పలక

...అయినా తుడవడం తప్పెలా అవుతుంది? మురికి తుడిస్తే మెచ్చుకుంటారు గాని ఎవరైనా తిడతారా? మూడు వారాలుగా రోజూ ఉదయం ఆరింటికల్లా, వాతావరణ కేంద్రంలో పరిశీలకుడైన అతను ఆ పలకను మెత్తటి గుడ్డతో తుడిచి అద్దంలా మెరిపించాడు. అది ఆకు బదులు ఆరుబయట పెట్టిన పలక. దాని మీద మంచు ఎన్ని గంటలుంటే ఆకుల మీదా అన్ని గంటలున్నట్టు లెక్క. చలిరోజుల్లో పది గంటలు దాటితే బంగాళాదుంపకు ఆకుమాడు తెగులు పాకుతుంది. అతను తుడవబట్టి లెక్క రోజూ ఎనిమిది గంటల దగ్గరే ఆగిపోయింది. చేలో మంచు మాత్రం పొద్దున తొమ్మిదింటి దాకా ఆరేది కాదు.

తుడవకూడదన్న సంగతి ఇప్పుడే, పలకతో వచ్చిన చిన్న పుస్తకంలో కనబడింది: చేత్తో తాకరాదు.

ఫోన్ మోగింది. అక్క మొగుడు.

"ఏమోయ్ మబ్బుల మంత్రీ! మందు కొట్టమంటావా, ముసుగు తన్ని పడుకోమంటావా?"

"ఏమైంది బావా?"

"ఆకుల మీద మచ్చలోయ్. మీ అక్క తెగులంటుంది. మీ తమ్ముడు రోజూ ప్రమాదం లేదని మెసేజ్ పెడుతుంటే నీకెందుకే అని నోరు మూయించా."

"ఆకు తిరగేసి చూడు."

కాసేపు చెప్పుల చప్పుడు.

"వెనక పిండి చల్లినట్టుందిరా." బావ గొంతులో నవ్వు పోయింది. "చేనంతా ఇంతే."

గదిలో కిటికీ అద్దాలు మసకబారి ఉన్నాయి. తలుపు చెమ్మకు ఉబ్బి బిగుసుకుంది. పరికరం చెడిపోయిందనవచ్చు. ఎవరూ అడగరు. ఆ మాట ఎంత తేలిగ్గా నాలుక మీదికి వచ్చిందో చూసి అతనికే భయమేసింది. ఇన్నాళ్లూ తన శుభ్రతను మంచితనమనుకున్నాడు. తప్పు అంటకుండా చేతులు దులుపుకోవడానికి నేర్చిన విద్యేమో అది.

"ఉన్నావా?"

"ఉన్నాను. నీ చేను నా వల్లే పోయింది బావా. పలక మీది మంచు రోజూ నేనే తుడిచేశాను."

"పక్కవాళ్ల చేలు ఇంకా పచ్చగానే ఉన్నాయిరా, వాళ్లకైనా చెప్పు," అని బావ ఫోన్ పెట్టేశాడు.

అతను కంప్యూటర్‌లో హెచ్చరిక పత్రం తెరిచాడు. 'వెంటనే మందు కొట్టండి' అని రాశాడు. పాత నివేదికలు ఎందుకు తప్పాయో చెప్పే గడి నింపనిదే అది రైతులకు వెళ్లదు. అందులో 'పరికరం' అని కొట్టాడు. వేళ్లు ఆగాయి. ఒక్కో అక్షరం చెరిపి, 'పరిశీలకుడి పొరపాటు' అని కొట్టి, పంపే మీట నొక్కాడు.