దర్జీ పిన్ని బస్సెక్కితే ఒప్పుకోం

తెల్లారేసరికి తలుపు గొళ్ళేనికి బన్నుల సంచి వేలాడుతోంది. అది చూడగానే ఆమె గుండెల్లో రాయి పడింది. బేకరీ ఆయన ఊరికే బన్నులు పంపే మనిషి కాదు. వెనకటికోసారి కథలో ఆయన్ని దొంగని చేసినప్పుడు పల్లెత్తు మాట అనలేదు గాని, నెల పొడుగునా ఇలాగే వేడివేడి బన్నులు పంపాడు. ఆ నెలంతా ఆమె సిగ్గుతో చితికిపోయింది. ఆ తర్వాత ఆమె రాసిన ఏ పుస్తకంలోనూ దొంగ ఆ ఊరివాడు కాడు.

ఊళ్ళో అందరూ ఆమెని కథలమ్మాయి అంటారు. నలభై దాటి, చెవుల దగ్గర జుట్టు నెరిసినా అమ్మాయే. కింద అక్క కుట్టుమిషను, పైగదిలో ఈవిడ రాత బల్ల. రాసేవి దొంగతనాల కథలే గాని, వెతికినా ఒక్క నెత్తురు చుక్క కనిపించదు. స్టేషను గడియారం పోతుంది, లేదా బడి గంట మాయమవుతుంది. దర్జీ పిన్ని అనే ఆవిడ నోట్లో గుండుసూదులు పట్టుకుని, ఊడిన గుండీనో తెగిన దారాన్నో చూసి దొంగెవరో తేల్చేస్తుంది. ఆఖర్న దొంగతో సహా అందరూ కూర్చుని టీ తాగుతారు. ఈ దర్జీ పిన్ని అసలు మనిషెవరని ఊళ్ళో పసిపిల్లాణ్ణడిగినా చెబుతాడు. ఇంకెవరు, కింద మిషను తొక్కుతున్న అక్కే.

తొమ్మిదో పుస్తకం ప్రెస్సుకి వెళ్ళింది. అందులో ఆమె చేసిన ఘనకార్యం ఏమిటంటే, చివరి అధ్యాయంలో దర్జీ పిన్నిని పెట్టేబేడాతో బస్సెక్కించేసింది. చంపుదామనీ అనుకుంది గాని, ఏమాటకామాటే చెప్పాలి, చేతులు రాలేదు. నాలుగేళ్ళుగా ఆమె బుర్రలో ఇద్దరన్నదమ్ముల కథొకటి తిరుగుతోంది. ఇళ్ళ మధ్య గోడ కోసం పోట్లాడుకుని చచ్చేదాకా మాట్లాడుకోరు వాళ్ళు. ఎవరూ ఎవర్నీ క్షమించరు, ఎవరూ టీ తాగరు. పిన్ని ఊళ్ళో ఉన్నంతకాలం ఆ కథ రాయడం జరిగే పని కాదు. ఒక పుస్తకం అచ్చులో ఉండగానే జనం తర్వాతి దాంట్లో ఏం పోతుందని అడగడం మొదలెడతారు. పిన్ని వెళ్ళిపోతే తనకి విడుదల.

ప్రెస్సు ఆయనకి కడుపులో మాట దాగదు. నిన్న చివరి అధ్యాయం చదివాడు, క్షవరానికి వెళ్ళాడు. ఇంకేం, ఊరంతా పొక్కిపోయింది. పైగా ఇవాళ తెల్లారగానే ఆయనే ఫోన్ చేసి, "రేపు పొద్దున్నే అచ్చుకెక్కిస్తానమ్మా. మారిస్తే సాయంత్రంలోగా మార్చి ఇవ్వండి. నాకేం, మీ ఇష్టం. మా ఆవిడ మాత్రం రాత్రి అన్నం ముట్టలేదు," అన్నాడు.

పొద్దున్నించీ వరస కట్టారు జనం. ఒక్కరైనా పోట్లాడితే ఎంత బాగుండును! పోట్లాడరే. పోస్టావిడ వచ్చి, "మా అమ్మ ఆఖరి రోజుల్లో మీ పుస్తకమే చదివించుకుందండీ, మీ రుణం తీర్చుకోలేను," అని కళ్ళు తుడుచుకుని వెళ్ళింది. కరెంటాయన చెప్పకుండానే నిచ్చెనెక్కి మెట్ల మీది బల్బు మార్చి, "చీకట్లో రాసుకోవడం కష్టం గదా," అన్నాడు. పైకి ఆమె నవ్వుతూనే ఉంది. ఆ గదిలో మాత్రం ఆమెకి గాలి చాలడం లేదు.

పోనీ కాసేపు బయట తిరిగొద్దామని చెప్పులేసుకుంది. అదింకా పొరపాటు. బట్టల కొట్టు ముందు నలుగురు లేచి నిలబడి నమస్కారం పెట్టారు. మందుల షాపు ఆయన కౌంటరు దాటి వచ్చి, "అమ్మాయీ, నన్ను దొంగని చేసుకో. ఏం పర్లేదు. పిన్నిని మాత్రం పంపించకు," అని చెయ్యి పట్టుకున్నాడు. ఆ మనిషి ఆమె జ్వరంలో మూడు రాత్రులు మందు తెచ్చిచ్చినవాడు. ఏమంటుంది? తిట్టడానికి వీల్లేదు, తప్పించుకోవడానికి వీల్లేదు. ఇంత మంచి జనం మధ్య ఇరుక్కుంటే ఇంతే. చుట్టూ తిరిగి నాలుగో సందులోంచి ఇంటికే వచ్చి పడింది.

ఊరు ఎంత బతిమాలినా ఓర్చుకునేదేమో గాని, ఆమె అసలు బెంగ అక్క గురించి. అమ్మ పోయినప్పట్నించీ ఆ మిషను తొక్కే తనని రాసుకోనిచ్చింది అక్క. కరెంటు బిల్లు ఎప్పుడొస్తుందో, బియ్యం ఎప్పుడు నిండుకుంటాయో ఈవిడకి ఇంతవరకూ తెలియదు. బదులుగా తనిచ్చింది ఒక్కటే, దర్జీ పిన్ని. ఊరు అక్కని నెత్తిన పెట్టుకుందంటే ఆ పుస్తకాల వల్లే. అది కాస్తా లాగేసుకుంటే అక్కకేం మిగులుతుంది? ఆ సంగతి అక్కతో చెప్పడానికి నోరు రాక పదిహేను రోజులుగా నాన్చుతోంది. ఇవాళ నాన్చడానికి వీల్లేదు.

కింద కొట్లో అక్క ఎవరి కోటుకో అంచు మడుస్తోంది. నోట్లో గుండుసూదులు. ఎదురుగా బల్ల మీద క్షవరాలాయన కాలు మీద కాలేసుక్కూర్చుని ఉన్నాడు.

"అదుగో, వచ్చింది. అడగండి పిన్నిగారూ, మీరే అడగండి. మిమ్మల్ని బస్సెక్కించేస్తుందిట, బస్సు! మేమేమైపోవాలి? మొన్న మా వాడి సైకిలు పోతే ఎవరు పట్టుకున్నారు?"

అక్క అంచు మడుస్తూనే ఉంది. ఆయన కళ్ళెగరేసి, "చూశావా, సూదులు నోట్లో పెట్టారంటే ఆలోచిస్తున్నారన్నమాట," అని గొంతు తగ్గించి గర్వంగా చెప్పాడు.

అక్క ఒక్కొక్క సూదీ తీసి దిండుకి గుచ్చింది. కోటు పక్కన పెట్టి లేచింది.

"ఆలోచించడం కాదయ్యా. నీకు జవాబు చెప్పాల్సొస్తుందని పెట్టుకుంటాను. పొద్దున్నించీ రాత్రి దాకా మీ అందరికీ జవాబులు చెప్పలేక పెట్టుకుంటాను! సైకిలు నేను పట్టుకోలేదు. మీవాడే ఎక్కడో పారేసుకుని మర్చిపోయాడు. లే. కాలు దించి, లేచి నడు!"

క్షవరాలాయన నిజంగానే కాలు దించాడు. పిన్నిగారు అరవడం ఎనిమిది పుస్తకాల్లో ఎక్కడా లేదు. గుమ్మం దాకా వెనక్కి నడిచి, చెప్పులు చేత్తో పట్టుకుని మరీ పోయాడు పాపం. తలుపు మూసి గడియ పెట్టింది అక్క.

"అక్కా, నీకు చెప్పకుండా రాశాను. నీకు ఇష్టం లేకపోతే ఇప్పుడే వెళ్ళి మార్చేస్తాను," అంది చెల్లెలు.

అక్క ఆ మాట విన్నట్టు లేదు. "నిజంగా ఎక్కేస్తుందా బస్సు?" అంది.

"ఎక్కేస్తుంది."

"ఎవరూ ఆపరా?"

"స్టాండు దాకా వస్తారు గాని, ఆపరు."

అక్క స్టూలు మీద కూలబడి ఏడ్చింది. కన్నీళ్ళు తుడుచుకోవడానికి చేతికి దొరికిన గుడ్డపీలిక తీసుకుంది. అక్క ఏడవగా చూడడం అమ్మ పోయాక ఇదే.

"అయిదో పుస్తకంలో స్టేషను గుమాస్తా వస్తాడు చూడు," అంది అక్క. "పిన్నిని పెళ్ళి చేసుకుంటానంటాడు. ఆవిడేమో, నాకీ ఊరే సంసారం, నన్నొదిలెయ్యండి అంటుంది."

"అవును. అందరూ ఆ మాటకి తెగ..."

"తెగ చప్పట్లు కొట్టారు. అప్పుడు బళ్ళో డ్రాయింగు మాస్టారుండేవాడు, గుర్తుందా? ఆయన చొక్కా గుండీలు వారం వారం ఊడేవి. తనే తెంపుకునేవాడని నాకు తెలుసు. ఆ దారం చూస్తే తెలీదూ! ఒకరోజు అడిగాడు నన్ను. ఆదివారం చెబుతానన్నాను. అవుననే చెబుదామనుకున్నానే. శనివారం నీ పుస్తకం వచ్చింది."

చెల్లెలు మిషను అంచు పట్టుకుంది.

"ఆదివారం వచ్చి చొక్కా తీసుకుని, మడిచి సంచిలో పెట్టుకుని, అర్థమైందండీ అన్నాడు. నా నోట్లో గుండుసూదులున్నాయి. అవి తీసేలోపు గుమ్మం దాటి వెళ్ళిపోయాడు. వీధిలో పడి వెనకాల పరిగెత్తనా? దర్జీ పిన్ని పరిగెత్తదు గదా. అందరూ చూస్తారు. ఆ వేసవికే బదిలీ చేయించుకున్నాడు."

"నాతో ఒక్క మాట చెప్పలేకపోయావా?"

"చెప్పడమెందుకు? నీకు తెలిసే రాశావనుకున్నాను. ఆయన అడిగింది పైనించి విన్నావనుకున్నా. అక్క వెళ్ళిపోతే నాకెవరున్నారని మొహాన అడగలేక పుస్తకంలో అడిగావనుకున్నా. అందుకే ఉండిపోయాను."

చెల్లెలు పైనించి ఏమీ వినలేదు. ఆ సంగతే తెలియదు ఆమెకి. ఆ పుస్తకం పేజీలు తక్కువయ్యాయని ప్రెస్సు ఆయన గోల పెడితే, ఒక మధ్యాహ్నం కూర్చుని ఆ గుమాస్తా అధ్యాయం రాసి పారేసింది. ఆ మాటే చెప్పింది.

అక్క ఆమె వంక చూసింది. చూసి, చూసి, ఫక్కున నవ్వింది. "పేజీలు తక్కువయ్యాయా? ఓసి నీ ఇల్లు బంగారం గానూ! పేజీలు చాలక నా పెళ్ళి చెడగొట్టావుటే?" అంటూనే మళ్ళీ ఏడ్చింది. చెల్లెలు నేల మీద కూర్చుని ఆమె మోకాళ్ళు పట్టుకుంది. ఎంతసేపటికీ ఇద్దరిలో ఎవరూ లేవలేదు. బయట ఎవరో తలుపు తట్టి, తట్టి, వెళ్ళిపోయారు.

"ఆ చివరి అధ్యాయం మార్చెయ్," అంది అక్క.

"ఇప్పుడింకా మార్చడమేంటి? ఆవిడ పోతేనే నీకు మనశ్శాంతి."

"పిచ్చిదానా, ఆవిడ పోతే ఈ ఊరంతా వచ్చి నా కాళ్ళు పట్టుకుంటుంది. పుస్తకంలో ఎలాగూ లేరు, మీరైనా ఉండండి పిన్నిగారూ అంటారు. నేను గుమ్మం దాటగలనా? ఆవిణ్ణి ఇక్కడే ఉంచు. ఆవిడ చేత ఎన్ని సైకిళ్ళు వెతికించుకుంటారో వెతికించుకోనీ. నేను వెళ్తాను."

"ఎక్కడికి?"

"ఆయన ఎక్కడున్నాడో నాకు తెలుసు. పెళ్ళయిందో లేదో తెలీదు. అయితే ఓ కప్పు టీ తాగి, ఆ ఊళ్ళోనే ఓ మిషను పెట్టుకుంటాను. అక్కడ నన్నెవరూ ఏదీ వెతికిపెట్టమనరు."

చెల్లెలికి అంతా ఒక్కసారిగా అర్థమైంది. పిన్ని ఉండాలంటే తనూ ఉండాలి. పదో పుస్తకం, పదకొండో పుస్తకం, గడియారాలు, గంటలు, టీలు. ఆ అన్నదమ్ములు ఇక ఎప్పటికి పోట్లాడుకుంటారో! గొంతు దాకా వచ్చింది, కుదరదు అక్కా అనే మాట. అక్క ముఖం చూస్తే మళ్ళీ లోపలికే పోయింది. ఇన్నేళ్ళు తనకి తిండి పెట్టిన మనిషి ఇవాళ మొదటిసారి ఒకటి అడిగింది. ఏం మొహం పెట్టుకుని కాదంటుంది?

పైకెళ్ళి బల్ల ముందు కూర్చుంది. దర్జీ పిన్నిని ఊరి పొలిమేరలో బస్సు దింపింది. పెట్టె మోయించి వెనక్కి నడిపించింది. బేకరీ ఆయన ఎదురొచ్చి పెట్టె అందుకున్నాడు, ఊరంతా వెంట పడింది, టీ కాచారు. రాస్తున్నంతసేపూ కన్నీళ్ళు కాగితం మీద పడుతూనే ఉన్నాయి. సాయంత్రం ప్రెస్సు ఆయన అక్కడే నిలబడి చదివి, "బతికించావు తల్లీ!" అని రెండు చేతులూ జోడించాడు. దారి పొడుగునా తలుపుల్లోంచి జనం చేతులూపారు. ఆమె కూడా ఊపింది.

ఇంటికొచ్చేసరికి అక్క మెట్ల మీద పెట్టె తెరిచి బట్టలు సర్దుతోంది. గళ్ళ కోటు పైన పెట్టాలా కింద పెట్టాలా అని తేలక దాన్ని రెండుసార్లు తీసి మళ్ళీ పెట్టింది.

"మళ్ళీ వస్తావా అక్కా?"

అక్క పెట్టె మూత నొక్కి, పైన కూర్చుని, గొళ్ళెం వేసింది.

"ఏమో. వస్తానని మాత్రం రాయకు," అంది.